మూడో సాక్షి

పోయిన వారం ఒక జంట మా రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. అబ్బాయిది దౌల్తాబాద్, అమ్మాయిది ఈ వికారాబాదే. పెళ్లి నోటీసు బోర్డు మీద పెట్టి ముప్పై రోజులు దాటాయి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి, వాళ్ల వెంట ఇద్దరే వచ్చారు. మూడో స్నేహితుడు భయపడి ఫోను ఆపేసుకున్నాడట. అబ్బాయి నా టేబులు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

“మేడం, ఈడ ఒక కండక్టర్ సాబ్ ఉండేటోడట గదా. సాక్షి దొరకనోళ్లకు సంతకం పెడ్తడని మా దోస్తు చెప్పిండు. ఏడ దొరుకుతడు?”

“ఆయన చనిపోయిండు బాబూ” అన్నాను.

ఆ మాట నా నోటితో పైకి అనడం అదే మొదటిసారి. పక్కనున్న జిరాక్స్ దుకాణం మనిషిని పిలిచి వాళ్ల పని కానిచ్చాము. పెళ్లయిపోయింది. కానీ ఆ రోజు సాయంత్రం వరకూ నా చెయ్యి ఏ ఫైలు మీదా నిలవలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా రిజిస్టర్లలో ఆ పేరు చాలా పేజీల్లో ఉంది. అక్కడ ఉంటే చాలు.

తాండూరులో ఉండేవాడు. బస్సు కండక్టరుగా రిటైరయ్యాక వారానికి రెండుసార్లు పొద్దున రైలెక్కి వికారాబాద్ వచ్చేవాడు. తెల్లంగి, ఖాకీ ప్యాంటు. ఉద్యోగం ముగిసినా ఆ ప్యాంటును వదల్లేదు. చంకలో ప్లాస్టిక్ సంచి, అందులో తన ఆధార్ కార్డు జిరాక్సులు ఓ కట్ట, ఒక నీలం పెన్ను, వేలిముద్ర సిరా తుడుచుకోవడానికి పాత గుడ్డపీలిక. నా టేబులు ముందుకొచ్చి “ఇయ్యాల ఎవలన్న ఉన్నరా మేడం?” అనేవాడు. లేరంటే వరండాలోకి వెళ్లి నోటీసు బోర్డు ముందు నిలబడేవాడు. బోర్డు వైపు తిరిగి కాదు, బోర్డుకు వీపు ఆనించి. పక్కనే బల్ల ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు. ఎవరైనా బోర్డు చదవడానికి దగ్గరికొస్తే, ఇరుకు బస్సులో జనాన్ని జరిపినట్టు రెండు చేతులూ చాపి “జరుగున్రి, ముందట్కి జరుగున్రి” అనేవాడు. మేమందరం నవ్వుకునేవాళ్లం. ఇన్నేళ్ల ఉద్యోగం, అలవాటు ఎలా పోతుందని.

సంతకం పెట్టేముందు ప్రతి అక్షరమూ చదివేవాడు. పెళ్లికూతురిని పక్కకు పిలిచి ఒకే ఒక్క ప్రశ్న వేసేవాడు.

“నీ అంతట నువ్వే వచ్చినవా బిడ్డా?”

ఆమె అవునంటే సరిపోయేది కాదు. కళ్లలోకి చూసి మళ్లీ అడిగేవాడు. రెండోసారీ అవునంటేనే పెన్ను మూత తీసేవాడు. సంతకం చివర గీత గీసి, పక్క టేబులు వాళ్లు కూడా ఉలిక్కిపడేలా “రైట్… రైట్!” అని అరిచేవాడు. ఏడుస్తూ నిలబడ్డ పెళ్లికూతుళ్లు కూడా ఆ కేకకు నవ్వేసేవారు. తర్వాత వాళ్లు ఎంత బతిమిలాడినా మిఠాయి ముట్టడు, టీ తాగడు, ఫొటోలో నిలబడడు. సంచి సర్దుకుని తాండూరు రైలుకు వెళ్లిపోయేవాడు.

ఆయన రావడం మొదలైన కొత్తలో నేనొకసారి “కాకా, జెర చాయ్ తాగి పోవచ్చు గదా” అన్నాను. ఆయన ముఖం ఒక్కసారి మారిపోయింది.

“కాకా అనకు బిడ్డా. కండక్టర్ సాబ్ అను, అరేయ్ అను, ఏమన్న అను. కాకా అని మాత్రం పిలువకు.”

ఎందుకని అడగలేదు. అప్పటినుంచి నాక్కూడా కండక్టర్ సాబే.

పెళ్లిళ్ల గురించి ఆయన మాటలు వింతగా ఉండేవి. ఒకసారి నన్ను అడిగాడు. “మీ పెండ్లి రిజిస్టర్ అయిందా మేడం?”

“ఎక్కడిది కండక్టర్ సాబ్, పందొమ్మిదేండ్లకు చేసిన్రు. అప్పుడు ఎవరడిగిన్రు కాయిదం?”

“అయితే సర్కారు లెక్కల మీరు పెండ్లి గాని పిల్ల” అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. “మా నాయనమ్మది మారుమనువు. మొదటి మొగడు సచ్చిపోయినంక, బషీరాబాద్ దిక్కు నుంచి గొర్లు తోలుకొని మా తాతకాడికి వచ్చింది. అయ్యగారు లేడు, బాజా లేదు. పెద్దమనుషులు నలుగురు కూసొని, ఇష్టమేనా అని ఇద్దరిని అడిగిన్రు. ఇష్టమే అన్నరు. ఒక చీర పెట్టిన్రు, అయిపాయె. మా తాత పోయేదాంక కలిసున్నరు. ముందు ముందు పెండ్లి ఎట్లుంటదో అని మీరందరు పరేషాన్ అయితరు గని, నాకైతె గట్లనే అయితదనిపిస్తది. ఇష్టమేనా అని అడిగేటోడొకడు, ఇన్ననని సాక్ష్యం చెప్పేటోడొకడు ఉంటె చాలు.”

“మరి ఆ నలుగురు పెద్దమనుషులు కాదంటే?”

ఆయన బోర్డు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి ఆఫీసు సగం చీకటిగా ఉంది. తలకు రుమాలు చుట్టుకున్న మనిషి ఒకడు వరండాలోకి వచ్చి, బోర్డు మీద ఏదో పేరు వెతుక్కుంటున్నాడు. ఆ వారం పూడూరు అమ్మాయి నోటీసొకటి ఉంది. కండక్టర్ సాబ్ ఆ కాగితానికి సరిగ్గా అడ్డంగా నిలబడ్డాడు.

“జరుగు పెద్దమనిషి, సదువుకోవాలె” అన్నాడు అతను.

“ఏం సదువుతవ్? అన్ని పాతయే. పోయిన నెలయి.”

“మా బిడ్డ పేరున్నదని ఎవలో చెప్పిన్రు.”

“ఎవలు చెప్పిన్రు?” కండక్టర్ సాబ్ గొంతు పెరిగింది. “ఎవడు చెప్పిండు? వాని పేరు చెప్పు ముందుగాల!”

నేను లేచి వెళ్లాను. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టి ఆ కాగితాన్ని కప్పేశాడు. వచ్చినవాడు బెదిరిపోయి, “గట్ల మొత్తుకుంటవేంది” అనుకుంటూ వాన లోకి దిగిపోయాడు. నేను కండక్టర్ సాబ్‌ను చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. గ్లాసు చేతిలోనే పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయన చెప్పింది రాసేముందు నేను చెప్పాల్సింది కొంత ఉంది.

చాలా ఏళ్ల కిందట, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తాండూరు అమ్మాయి ఒకామె, అక్కడే బండల పాలిషింగులో పనిచేసే అబ్బాయి ఒకతను వచ్చి నోటీసు ఇచ్చారు. ఇద్దరి దేవుళ్లూ వేరు. ఆమెది వ్యాపారుల ఇల్లు, ఇక్కడ కాలేజీలో చదువుతోంది. ఆ నోటీసును బోర్డు మీద అంటించింది నేనే. ముప్పైయో రోజు దాటిన మరునాడు ఆ అబ్బాయి ముఖం మీద వాచిన దెబ్బలతో, ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చాడు. అమ్మాయిని అప్పటికే ఇంటివాళ్లు పట్టుకుపోయారు. అయినా ఎలాగైనా తప్పించుకుని వస్తుందని అతని ఆశ. సాయంత్రం ఆఫీసు మూసేవరకూ మెట్ల మీదే కూర్చున్నాడు. ఆమె రాలేదు. ఆ రోజుకే ఆమె బతికి లేదని తర్వాత తెలిసింది. మేనమామ ఊరికి పంపారు, అయిదో రోజున ఆ ఊరి బావిలో దొరికింది. కాలు జారిందన్నారు.

నోటీసు చూసి ఎవరో చెప్పారని మాత్రం అందరికీ తెలుసు. ఆ ఎవరో ఎవరన్నది తెలియదు. ఇన్నేళ్లూ నేను నా చేతులనే అనుమానించాను. అంటించడం రూలే, కాదనను. కానీ మూలకు అంటించి ఉండొచ్చు, మీద ఇంకో కాగితం వేసి ఉండొచ్చు.

“గా పిల్ల రోజు నా బస్సుల్నే వచ్చేది మేడం” అన్నాడు కండక్టర్ సాబ్. “నా సీటు ఎన్కాల కిటికీ జాగ ఆమెకే ఉంచేటోన్ని. కాకా కాకా అని ఒకటే ముచ్చట్లు. నాకు ఇద్దరు ఆడివిల్లలు, గామె మూడోదనుకున్న. ఒకదినం నా ప్లాటు రిజిస్ట్రేషన్‌కని గీ ఆఫీసుకు వచ్చిన. నా నంబరు రాలే. నాకు సదువుడు రోగం. గోడ మీద ఏమున్నా సదువుత. గీ బోర్డు మీద ఆమె పేరు సూసిన. తండ్రి పేరు సూసిన. పక్కకు పోరని పేరు.”

“చెప్పిందెవరు?” అన్నాను. అడుగుతుండగానే నాకు అర్థమైంది.

“నేనే. మేలు చేస్తున్న అనుకున్న. ఎవడో పిల్లను మోసం చేస్తుండు, ఆడపిల్ల తండ్రిగ నేను సూసి సూడనట్టు ఎట్లుండాలె అనుకున్న. వాళ్లది కందుల దుకాణం. మా ఇంట్లకు పప్పు ఆడనే తెచ్చేది. పప్పు తరాజుల పెట్టి జోకుతుంటె చెప్పిన, మీ బిడ్డ పేరు వికారాబాద్ల బోర్డు మీద సూసిన అని. ఆయన ఏమనలే. తరాజు దింపలే. జోకుడు అయిపోయినంక పొట్లం కట్టి నా చేతికిచ్చి, మంచిదన్నా అన్నడు. అంతే.”

గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“గా పప్పు రెండు నెలలు తిన్నం మేడం.”

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆమె పోయిన వారానికి ఖాకీ బట్టల్లో ఒక కండక్టరు మా ఆఫీసులోకి దూసుకొచ్చి “గా కాయిదం ఇంక ఏంటికి ఉంచిన్రు, తీసెయ్యిన్రి” అని అరిచాడు. బోర్డు మీద ఆమె నోటీసు అలాగే ఉంది. చనిపోయినవాళ్ల నోటీసు తీయమని ఏ రూలులోనూ లేదు కాబట్టి ఎవరమూ తీయలేదు. నేను లేచి తీశాను. ఆ కండక్టరు ఈయనేనని ఇన్నేళ్లూ తట్టలేదు.

నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. నేను ఇన్నేళ్లు మోసిన బరువు ఈయనది. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం వచ్చాడు. “ఇయ్యాల ఎవలన్న ఉన్నరా” అని అడగకుండా నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. ఒకరోజు జంట వచ్చింది, సాక్షి తక్కువయ్యాడు. నేనే వెళ్లి “రాన్రి కండక్టర్ సాబ్” అన్నాను. అంతటితో అది అయిపోయింది. అయిపోలేదు కూడా.

తర్వాత ఏడాది ఎండాకాలంలో మరొక జంట వచ్చింది. ఆఫీసు లోపలికి కాదు, బయట వేపచెట్టు కింద కూర్చునే దస్తావేజుల లేఖరి దగ్గరికి. నేను టీ కోసం అటు వెళ్లాను. కండక్టర్ సాబ్ కూడా అక్కడే ఉన్నాడు. ఆమెకు ముప్పై అయిదు ఉంటాయి. బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. ఒకసారి పెళ్లయి విడాకులు తీసుకుంది. అతను ఆసుపత్రిలో ల్యాబు పని చేస్తాడు. రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆమెకు ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆసుపత్రిలో భర్త సంతకం అడిగితే, అతను పెన్ను పట్టుకుని నిలబడిపోయాడట, తాను ఎవరని రాయాలో తెలియక.

“గందుకే ఒక కాయిదం కావాలె” అంది ఆమె. “నాకేమన్న అయితె చెప్పేటోడు, అడిగేటోడు ఈయనే అని. ఈయనకేమన్న అయితె ఆ ఇంట్ల నేనుండొచ్చని.”

“పెండ్లే చేస్కోరాదు అమ్మా, అన్ని అండ్లనే వస్తయి” అన్నాడు లేఖరి.

“నాకేం అభ్యంతరం లేదు. ఈయనే గా బోర్డు దగ్గరికి రానంటడు.”

అతను తల వంచుకుని కూర్చున్నాడు. లేఖరి పక్కనున్న వకీలును పిలిచాడు. ఇద్దరూ కలిసి రాశారు. కలిసి ఉంటామన్న ఒప్పందం, వైద్యం విషయంలో ఒకరి తరఫున ఒకరు నిర్ణయించే అధికారం, ఇంటిలో ఉండే హక్కు. వీలునామాలు విడిగా రాసుకోమన్నాడు వకీలు.

కండక్టర్ సాబ్ ముందుకు వంగి వింటున్నాడు. “దీన్ని బోర్డుకు పెట్టేది లేదా వకీల్ సాబ్?”

“లేదు పెద్దాయనా. ఇద్దరి నడుమ రాసుకునే కాయిదం. నోటరీ చేస్త, సరిపోతది.”

“ముప్పై దినాలు ఆగేది లేదా?”

“లేదు. గని పెండ్లికున్నంత బలం దీనికి లేదు. రేపు ఎవరన్న కోర్టుకు పోతె…”

“బలం లేకుంటె లేకపాయె” అన్నాడు కండక్టర్ సాబ్. ఆయన ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. “పానం ఉంటది గదా! గిదేందో మంచిగున్నది. ఇటు తెండ్రి, సాక్షి సంతకం నేను పెడ్త.”

అలవాటు ప్రకారం మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆమె పేరు చదివాడు. అతని పేరు చదివాడు. అక్కడ ఆగిపోయాడు. ఆ పేరును ఆయన ఇంతకు ముందు ఒకసారి చదివి ఉన్నాడు. నేనూ అప్పుడే అతని ముఖాన్ని సరిగ్గా చూశాను. లావెక్కాడు, జుట్టు పలచబడింది. మెట్ల మీద సాయంత్రం వరకూ కూర్చున్న అబ్బాయే.

కండక్టర్ సాబ్ కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

“నా సంతకం పెట్టించుకోకు బాబూ. గా దినం దుకాణంల చెప్పింది నేనే.”

లేఖరికి ఏమీ అర్థం కాలేదు. ఆ ల్యాబు మనిషి ఆయన ఖాకీ ప్యాంటు వైపు చూశాడు.

“కండక్టర్ చెప్పిండని వాళ్ల నాయన నన్ను కొట్టుకుంట చెప్పిండు” అన్నాడు చివరికి. “ఏ కండక్టరో తెల్వకపాయె. కొన్ని దినాలు తాండూరు బస్సులన్ని ఎక్కి దిగిన, మొకాలు సూసుకుంట. సూసి ఏం చేద్దమనుకున్ననో నాకే తెల్వదు. తర్వాత బస్సెక్కుడే బంద్ చేసిన.”

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. తీయలేదు.

“ఆఖరు దినం గా పిల్ల మీ బస్సుల్నే పోయిందా?” అని అడిగాడు.

“పోయింది.”

“ఎట్లుండె?”

కండక్టర్ సాబ్ బల్ల అంచు పట్టుకున్నాడు. “కిటికీ జాగ ఉంచిన. కూసోలే. ఫుట్‌బోర్డు కాడ నిలబడ్డది. ధారూరు దాటినంక గాలి మస్తు కొట్టవట్టె. లోపటికి రా బిడ్డా, పడ్తవ్ అన్న. ఎనకకు తిరిగి నవ్వింది. నేను పడ కాకా అన్నది.”

అతను కళ్లు మూసుకున్నాడు. ఆ మాటను లోపల ఎక్కడో పెట్టుకుంటున్నట్టు అనిపించింది. తర్వాత కళ్లు తుడుచుకుని, కాగితాన్ని ఆయన ముందు నుంచి మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

“చెప్పిన్రు, మంచిది. గని సంతకం మీది వద్దు.”

“వద్దు బాబూ” అన్నాడు కండక్టర్ సాబ్. “నాది వద్దు.”

టీ కొట్టతను వచ్చి సంతకం పెట్టాడు. నేను తిరిగి చూసేసరికి కండక్టర్ సాబ్ స్టేషన్ దారిలో నడుస్తున్నాడు. సంచి బల్ల మీదే మరిచిపోయాడు. ఆ తర్వాత మా ఆఫీసుకు ఎప్పుడూ రాలేదు.

రెండు నెలలకు ఆయన నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆడగొంతు. “ఈ ఫోన్ల ఆఫీస్ మేడం అని ఉన్నది. నువ్వేనా? మా ఆయన పోయి పదకొండు దినాలాయె. ఒక్కసారి తాండూరు వస్తవా?”

ఆదివారం వెళ్లాను. నాపరాళ్లు పరిచిన చిన్న ఇల్లు. కూతుళ్లిద్దరూ దినాలు ముగించుకుని అత్తగారిళ్లకు వెళ్లిపోయారు. ఆమె ఒక్కతే ఉంది. నన్ను కింది నుంచి మీదికి చూసింది. కుర్చీ వేసింది. తాను నిలబడే అడిగింది.

“నువ్వేనా గామెవు?”

“ఎవరమ్మా?”

“తెల్వనట్టు అడగకు. కొట్లాడనీకి పిలువలే. ఇంక కొట్లాడి ఏం చేస్త? పింఛన్ల పడ్డప్పటి సంది వారానికి రెండుసార్లు తెల్లంగి ఏసుకొని, తల దువ్వుకొని రైలెక్కేటోడు. ఏడికి అంటె పనున్నది అనేటోడు. గంతకు ముందు నుంచే నాతోని మనసిచ్చి మాట్లాడుడు లేదు. ఒకసారి ఎన్కనే రైలెక్కి వికారాబాద్ స్టేషన్ దాంక వచ్చిన. ఆడ దిగి మల్ల వాపస్ వచ్చిన. కండ్లతోని సూస్తె మల్ల ఈ ఇంట్ల ఉండలేను గదా.”

ఇన్నేళ్లూ ఆమె అలా బతికిందా అనిపించింది. వందల మందిని ఇష్టమేనా అని అడిగి తోడు నిలబడిన మనిషి, ఇంట్లో ఒక్క మాట చెప్పలేకపోయాడు.

“నేను గాదమ్మా. ఆయన మా ఆఫీసుల పెండ్లిళ్లకు సాక్షి సంతకం పెట్టేటోడు. దిక్కులేనోళ్లకు.”

“సాక్షి సంతకమా?” ఆమె నమ్మలేదు. “గది దాసిపెట్టే ముచ్చటనా?”

ఆమె నా ముఖం చూస్తూనే ఉంది.

“అయితే ఏ ఆడామె లేకుండెనా?”

లేదు అని చెప్పడానికే నోరు తెరిచాను. ఆమె వయసు, ఆమె నిలబడిన తీరు చూశాక సగం నిజంతో సరిపెట్టాలనిపించలేదు.

“ఉండె అమ్మా” అన్నాను. “సచ్చిపోయిన పిల్ల ఒకామె ఉండె.”

ఆమె గోడకు చెయ్యి ఆనించింది. మెల్లగా అడిగింది.

“కందుల దుకాణపోళ్ల బిడ్డనా? బాయిల పడ్డ పిల్లనా?”

తలూపాను. ఆమె నాకు ఎదురుగా కింద, బండల మీద కూర్చుంది. కొంగు మోకాళ్ల మీదికి లాక్కుంది.

“చెప్పు” అంది. “మొదట్నుంచి చెప్పు.”